మీటరు ఎత్తు తప్పిన ఎర్ర గీత

వరద తగ్గిన పదకొండో రోజు పొద్దున ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని కొలతమ్మ నలభై ఒక్క గోడల మీద నలభై ఒక్క అబద్ధాలు గీసింది. మొదటివి తెలియక గీసింది. ఆఖరివి అనుమానం వచ్చాక, నోరు మూసుకుని గీసింది.

ఆవిడ ఉద్యోగం నది ఎత్తు చూసి రాయడం. వంతెన పక్కన నీళ్ళలో ఒక అంకెల స్తంభం ఉంటుంది. నీళ్ళు ఏ అంకెను తాకుతున్నాయో రోజుకు మూడుసార్లు చూసి పుస్తకంలో ఎక్కించాలి. వరదప్పుడైతే గంటకోసారి. ఏళ్ళ తరబడి అదే పని చేసేసరికి అసలు పేరు అందరూ మర్చిపోయారు. జీతమిచ్చే గుమాస్తా కూడా "కొలతమ్మా, ఇక్కడో సంతకం" అనేవాడు.

ఆ ఏడు వరద వచ్చి పోయాక, ఏటి ఒడ్డు వీధిలో ఏ ఇంట్లోకి ఎంత ఎత్తున నీళ్ళు వచ్చాయో గోడల మీద గీతలు గీయాలని ఆఫీసు వారికి బుద్ధి పుట్టింది. పెయింటరు అడిగిన కూలి ఎక్కువనిపించి ఆ పనీ కొలతమ్మ నెత్తినే పెట్టారు. వీధి జనం ఇంకా దూరంగా, మెరకలో ఉన్న బడిలోనే తలదాచుకుంటున్నారు. అడ్డుపడేవాళ్ళు లేరు, అవునో కాదో చెప్పేవాళ్ళు లేరు. ఏ ఇంటికి గడప నుంచి ఎంత ఎత్తున గీయాలో కాగితంలో రాసి ఇంజనీరు ఆమె చేతికిచ్చాడు.

ఇరవై ఆరో ఇంటి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అది బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మ ఇల్లు. కాగితం ప్రకారం గీత కిటికీ అంచు కింద పడాలి. బురద చూస్తే గడపకు రెండు మెట్ల కిందే ఆగిపోయి ఉంది. పై మెట్టు మీద వరదకు ముందు పడిన ఆకులు కూడా పొడిగా అలాగే ఉన్నాయి.

"సార్, ఇక్కడిదాకా నీళ్ళు రాలేదండి. బురద చూడండి."

"బురదకి లెక్కలొచ్చా?" అన్నాడు ఇంజనీరు గొడుగు కిందనుంచి కదలకుండానే. "కాగితంలో ఎంతుంటే అంత గియ్యి. నిన్ను రంగు పూయమన్నాం, పరిశోధన చెయ్యమనలేదు."

ఆమె గీసింది. అవతలి ఒడ్డున ఇంతకంటే పల్లంలో పెద్ద బంగళాలున్నాయి. అక్కడ మాత్రం ఒక్క గీతా పడలేదు. ఎందుకంటే అవి ఖరీదైన రాతి గోడలట, రంగు పూస్తే పాడవుతాయట. నీటికి లేని పక్షపాతం రంగు డబ్బాకు ఉంటుందని ఆ రోజే ఆమెకు తెలిసింది.

పదిహేను రోజులకు అసలు సంగతి బయటపడింది. వంతెన దగ్గర అప్పటికి రెండు స్తంభాలున్నాయి, పాతది ఒకటి, కొత్తది ఒకటి. కొత్తదాన్ని పాతదానికంటే మీటరు లోతున మొదలయ్యేలా పాతారు. అంటే అవే నీళ్ళు పాత స్తంభం మీద ఎనిమిది చూపిస్తే కొత్తదాని మీద తొమ్మిది చూపిస్తాయి. ఇళ్ళ గడపల ఎత్తుల పట్టిక ఆఫీసులో ఎప్పుడో పాత స్తంభాన్ని బట్టి తయారైంది. ఇంజనీరు కొత్త స్తంభం అంకె తీసుకొచ్చి పాత పట్టికలో పెట్టి లెక్క కట్టాడు. ఇంకేముంది, ప్రతి ఇంటి మీదా వరద ఒక మీటరు ఎక్కువ ఎక్కింది. కాగితం మీద.

అలవాటు కొద్దీ కొలతమ్మ తన సొంత నోటుబుక్కులో రెండు స్తంభాల అంకెలూ పక్కపక్కన రాసుకుంది కాబట్టి ఇది పట్టుకోగలిగింది. ఆ నోటుబుక్కు తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. ఇంజనీరు చూశాడు. అర్థమైంది కూడా, చెవులు ఎర్రబడ్డాయి. తలుపు దగ్గరికి వేసి అడిగాడు.

"అంకె చదివిందెవరు?"

"నేనేనండి."

"గోడ మీద గీసిందెవరు?"

"నేనే."

"మరి తప్పు ఎవరిదంటారు జనం? నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదనుకుంటా?"

అంతే. తేలు కుట్టిన దొంగలా ఆమె తిరిగొచ్చేసింది. అయితే దొంగతనం ఆమెది కాదు. ఈ మాట ముందే గట్టిగా చెప్పుకోవాలి. ఎందుకంటే మన దగ్గర పైవాడి తప్పు మెట్టుమెట్టు దిగి చివరికి బ్రష్షు పట్టుకున్న చేతికి అంటుకుంటుంది.

ఆ గీతలు ఊరికే ఉండలేదు. ఏటి ఒడ్డు వీధి ఇళ్ళకు బ్యాంకులు అప్పు ఇవ్వడం మానేశాయి. కొనేవాళ్ళు వచ్చి, గీత చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయేవాళ్ళు. అవసరం తరుముకొచ్చినవాళ్ళు అడిగిన ధరకు ఇచ్చేసి, మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. కొలతమ్మ వంతెన పక్క గదిలో కూర్చుని ఆ లారీలు పోవడం చూసింది. అలా పంతొమ్మిదేళ్ళు.

*

ఉద్యోగ విరమణ దగ్గరపడింది. ఆమె భర్త దర్జీ. ఆయన నోటికి కుట్టు పడదని వీధిలో నవ్వుకునేవాళ్ళు.

"మా ఇంట్లో ఇద్దరం కొలిచేవాళ్ళమేనండి," అనేవాడు షాపుకు వచ్చినవాళ్ళతో. "నేను మనుషుల్ని కొలుస్తా, ఆవిడ నదిని కొలుస్తుంది. మనుషులు కదలకుండా నిలబడరు, నది అసలే నిలబడదు."

వాళ్ళు అద్దెకుండేది ఆ షాపు వెనక ఒకే గదిలో. దానికి ఒక కిటికీ ఉంది, తెరిస్తే పక్క భవనం గోడ. చెయ్యి చాపితే సున్నం అంటుకుంటుంది. బతుకంతా నదిని చూస్తూ పనిచేసిన మనిషికి ఇంటికొస్తే నాలుగంగుళాల ఆకాశం కూడా దక్కలేదు. అందుకే రిటైరయ్యే డబ్బుతో ఏటి ఒడ్డున చిన్నదో చితకదో ఒక ఇల్లు కొనాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక. పడుకున్న చోటు నుంచి నీళ్ళు కనిపించాలి. అంకెలు రాయకుండా నదిని చూడాలి.

ఒక సాయంత్రం దర్జీ ఎగిరి గంతేసినంత పని చేస్తూ వచ్చాడు. "ఏమే, ఏటి ఒడ్డు వీధిలో ఇల్లు అమ్మకానికుంది! టీచరమ్మగారిది. వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిపోతారట. సగం ధరకే ఇస్తారట!"

ఆమె చేతిలో చెంబు జారి పడింది.

మర్నాడు వెళ్ళారు. ఇల్లు చూడగానే కొలతమ్మకు ప్రాణం లేచొచ్చింది. రెండు గదులు, చిన్న వంటిల్లు. వెనక గది కిటికీ నిండా నది. ఇంటి వెనక గుమ్మం తీస్తే ఏడు రాతి మెట్లు, ఆ కింద నీళ్ళు. ఎవరో పడవ మీద గడ్డి మోపులు తీసుకుపోతున్నారు. తెడ్డు చప్పుడు వంటింట్లోకి వినిపిస్తోంది.

బయట కిటికీ కింద ఎర్ర గీత. పంతొమ్మిదేళ్ళ ఎండకు వెలిసింది కానీ చెరగలేదు.

టీచరమ్మకు డెబ్బై దాటాయి. కర్ర పట్టుకున్నా మాట మాత్రం బెత్తంలానే ఉంది. "గీత చూశారుగా? నేనొక మాట చెబుతాను, నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఈ ఇంట్లోకి నీళ్ళు రాలేదు. నేను తిరిగొచ్చేసరికి నేల మీద పరిచిన చాప కూడా తడవలేదు."

"నమ్ముతున్నానండి," అంది కొలతమ్మ.

టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆమెను ఎగాదిగా చూసింది. "పంతొమ్మిదేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషివి నువ్వే అమ్మాయ్. బ్యాంకువాడు నా మొహం మీదే నవ్వాడు. 'గోడ అబద్ధమాడుతుందా టీచరుగారూ' అన్నాడు. మా స్కూల్లో తోటి టీచర్లే నన్ను కోతలరాయుణ్ణి చూసినట్టు చూశారు."

దర్జీకి ఇవేమీ పట్టలేదు. "అది సరేనండి టీచరుగారూ, గీతంటూ ఒకటి ఉంది కదా. ఇంకొంచెం తగ్గించి ఇచ్చారంటే..."

కొలతమ్మ అతని చొక్కా పట్టుకుని బయటికి లాగింది. "రెండు రోజులు టైమివ్వండి," అని మాత్రం అనగలిగింది.

*

గదికి రాగానే దర్జీ విరుచుకుపడ్డాడు. "రెండు రోజులెందుకే? బంగారం లాంటి బేరం! నోటిదాకా వచ్చిన ముద్ద!"

"ఆ గీత గీసింది నేనండి."

"ఎవరో ఒకరు గీయాలిగా, అయితే ఏంటి?"

"తప్పు గీశాను."

అప్పుడు చెప్పింది, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. స్తంభాలు, పట్టిక, ఇంజనీరు, తలుపు వేసిన గది, అన్నీ. దర్జీకి స్తంభాల గొడవ సగమే అర్థమైంది. "అంటే ఎలాగ? సరిగ్గానే చదివావంటావు, తప్పంటావు!"

"మీ టేపు సంగతి గుర్తు తెచ్చుకోండి. మొదటి అంగుళం తెగిపోయిన టేపుతో నెలరోజులు గుడ్డ కొలిచి కత్తిరించారు చూడండి. మీరు అంకెలు సరిగ్గానే చదివారు. చొక్కాలన్నీ అంగుళం పొట్టి అయ్యాయి. ఇదీ అంతే. మొదలు తప్పింది."

దర్జీ మంచం మీద కూలబడ్డాడు. మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఇప్పుడు వెళ్ళి చెబితే," అన్నాడు చివరికి, "ఆవిడ ధర పెంచుతుంది. మనం అంత పెట్టలేం. ఇల్లు పోతుంది. పోనీ ముందు కొనేసి, తర్వాత చెబుదాం."

"ఏరు దాటాక తెప్ప తగలేద్దామంటారా?"

"అబ్బ, సామెతలు చెప్పకే! నీకు కాదూ ఆ కిటికీ కావాల్సింది?"

"నాకే కావాలి. అందుకే చెబుతున్నాను. అబద్ధం పెట్టి కొన్న కిటికీ దగ్గర నేను కూర్చోలేనండి. నది నన్ను చూసి నవ్వుతుంది."

దర్జీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అటువైపు నుంచే సణిగాడు. "ఆ పొట్టి చొక్కాలన్నీ విప్పి మళ్ళీ కుట్టిచ్చాను. ముప్ఫై ఏడు చొక్కాలు. నా గుడ్డే పెట్టి. వేళ్ళు వాచిపోయాయి." ఇంకాసేపు ఆగి, "ఏ మొహం పెట్టుకుని వద్దంటాను. వెళ్ళి చెప్పు," అన్నాడు.

*

నోటుబుక్కు పట్టుకుని ఒక్కతే వెళ్ళింది. టీచరమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. కొలతమ్మ నిలబడే మొత్తం చెప్పింది. టీచరమ్మ నోటుబుక్కు తీసుకుని, రెండు వరసల అంకెలు వేలితో తడుముతూ, ఒక్కో పేజీ తిప్పింది. లెక్కల టీచరు కదా, రెండో పేజీలోనే తెలిసిపోయింది. ఆపైన తిప్పిన పేజీలన్నీ కోపాన్ని అదుపులో పెట్టుకోవడానికే.

"ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు?" అంది. గొంతు పెంచలేదు.

"వంతెన పక్క గదిలోనే ఉన్నానండి."

"అక్కణ్ణుంచి మా ఇల్లు కనిపిస్తుందా?"

"కనిపిస్తుందండి."

"పక్కింటి వాళ్ళు ఏడుస్తూ ఇల్లమ్ముకుని పోతుంటే?"

"కనిపించిందండి."

టీచరమ్మ కర్ర నేలకేసి కొట్టింది. కొలతమ్మ కదల్లేదు. తిడితే బాగుండుననుకుంది. తిట్లు రాలేదు. టీచరమ్మ అదే కర్రతో లోపలికి చూపించింది. "బల్ల మీద కాగితాలున్నాయి, పెన్ను ఉంది. తెచ్చుకుని కూర్చో. ఏడుపు తర్వాత ఏడుద్దువు. తప్పు దిద్దాలంటే ముందు రాయాలి."

అలా టీచరమ్మ చెబుతుంటే కొలతమ్మ ఆఫీసుకు అర్జీ రాసింది. టీచరమ్మ మూడుసార్లు తిరగరాయించింది. "'పొరపాటు జరిగినది' ఏమిటి, వానలా దానంతటదే కురిసిందా? ఎవరు చేశారో రాయి. ఇంజనీరు లెక్క తప్పు కట్టారు, నేను గీశాను, చెప్పాను, వినలేదు. అలా రాయి." 'నేను గీశాను' అని తన చేత్తో రాసుకున్నప్పుడు కొలతమ్మ భుజాల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం మాత్రం అలాగే ఉంది. ఇంకా రెండు నెలలు సర్వీసుంది.

వీధిలో మిగిలిన పాతవాళ్ళందరి దగ్గరికీ ఇద్దరూ కలిసి తిరిగారు. కొందరు సంతకం పెట్టారు. బేకరీ ఆయన పెట్టనన్నాడు. "ఇప్పుడొచ్చావా తల్లీ? మా అన్నయ్య తన వాటా అమ్ముకుని వెళ్ళాక?" అని తలుపేసుకున్నాడు. కొలతమ్మ ఆ తలుపు ముందు కాసేపు నిలబడి, పక్కింటికి వెళ్ళింది. ఆ సాయంత్రం ఆయనే వెతుక్కుంటూ వచ్చి సంతకం పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

పాత ఇంజనీరు ఎప్పుడో పెద్ద పదవికి ఎక్కి, అక్కణ్ణుంచి రిటైరయ్యాడు. ఇప్పుడున్న ఇంజనీరు చిన్న వయసు అమ్మాయి. నోటుబుక్కు చూసి, "మీరు దీన్ని ఇన్నేళ్ళు దాచారా?" అంది. అది నిందో మెప్పో కొలతమ్మకు తెలియలేదు. వారం తర్వాత మూడు కాళ్ళ పరికరం తెచ్చి, నోటుబుక్కులోని పాత స్తంభం అంకెతో పోల్చుతూ వీధంతా కొలిచింది. ప్రతి గోడ దగ్గరా తేడా ఒక మీటరే. అంత తేలిగ్గా తేలిన నిజానికి, గీతలు తప్పు, చెరిపేయండి అని ఆఫీసు కాగితం రావడానికి నాలుగు నెలలు పట్టింది. టీచరమ్మ వారం వారం కర్ర పట్టుకుని ఆఫీసు మెట్లెక్కకపోతే నాలుగేళ్ళు పట్టేది. కొలతమ్మ ఉద్యోగం పోలేదు. ఎవరూ సారీ చెప్పలేదు కూడా.

కాగితం వచ్చిన రోజు టీచరమ్మ కబురు పెట్టింది. ఇంకేం చెబుతారో ముందే తెలుసన్నట్టు దర్జీ మొహం వేలాడేసుకుని వచ్చాడు. గీత పోయింది కాబట్టి ఇంటికి అసలు ధర వచ్చింది. ఆవిడ ఆ అసలు ధరే చెప్పింది, పైసా తగ్గించలేదు.

"మాకు అంత తాహతు లేదండి," అంది కొలతమ్మ. "మంచి ధరకు వేరేవాళ్ళకి ఇచ్చుకోండి."

"తాహతు లేదని ఎవరు చెప్పారు? బ్యాంకుకు వెళ్ళావా? గీత ఉన్నప్పుడు ఈ వీధికి అప్పు పుట్టేది కాదు. ఇప్పుడు ఎందుకు పుట్టదు? ఆయనకు షాపుంది, నీకు పెన్షనుంది. వెళ్ళి అడగండి. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను."

"మామీద కోపం లేదాండి?"

"ఎందుకు లేదు, బోలెడుంది. నా మాట నమ్మిన మనిషివీ నువ్వే, నన్ను అబద్ధాలకోరుని చేసిన మనిషివీ నువ్వే. ఇద్దర్నీ ఈ ఇంట్లోనే పడేస్తే నేను ఒకచోటే చూసుకోవచ్చు."

దర్జీ నవ్వాడు. ఆపుకోలేక నవ్వాడు. టీచరమ్మ కూడా మూతి బిగబట్టి, చివరికి నవ్వేసింది.

బ్యాంకు అప్పు ఇచ్చింది.

*

వాళ్ళు ఆ ఇంట్లోకి వచ్చి ఇప్పటికి ఏడాదిన్నర. దర్జీ మిషను కిటికీ దగ్గర వేసుకున్నాడు. నది గాలికి దారపు ముక్కలు ఎగిరి వంటింట్లోకి వస్తాయని రోజూ గొడవ. "కూరలో దారం పడితే తప్పేముంది, కుట్టుపని కడుపులో కూడా జరుగుతుంది," అంటాడాయన. సాయంత్రం పనయ్యాక వెనక మెట్ల మీద ఇద్దరూ కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుంటారు. చిన్న చేపలొచ్చి మడమలు కొరుకుతుంటే ఆయన చక్కిలిగిలికి కేకలేస్తాడు. పడవలో పోయేవాళ్ళు చూసి నవ్వుతారు. బేకరీ ఆయన అప్పుడప్పుడు వేడి బన్నులు తెచ్చిచ్చి, ఇప్పటికీ ఎక్కువ మాట్లాడకుండానే వెళ్ళిపోతాడు. నెలకోసారి టీచరమ్మ చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చి, కర్టెన్లు వంకరగా ఉన్నాయని తిట్టి, టీ తాగి, ఆ కిటికీ దగ్గరే కునుకు తీస్తుంది.

మొన్న వానాకాలంలో నీళ్ళు అయిదో మెట్టు దాకా వచ్చాయి. పక్కింటివాళ్ళు సామాను సర్దుకుంటూ వచ్చి అడిగారు, "కొలతమ్మగారూ, మేం వెళ్ళాలా?" ఆమె నీళ్ళ వైపు చూసి, వంతెన దగ్గరికి వెళ్ళి రెండు గంటలు నిలబడి, తిరిగొచ్చి చెప్పింది, "అక్కర్లేదు. తగ్గుముఖం పట్టింది. పడుకోండి." వాళ్ళు నమ్మారు, పడుకున్నారు. ఆమె కూడా పొద్దెక్కేదాకా నిద్రపోయింది. అంకె చూడటానికి లేవాలని ఉలిక్కిపడి, లేవక్కర్లేదని గుర్తొచ్చి, దుప్పటి మళ్ళీ ముసుగేసుకుంది.

ఇలా ముగిస్తే కథ బాగుంటుంది. కానీ ఆ వీధిలో నలభై ఒక్క ఇళ్ళలో పదిహేను ఇళ్ళవాళ్ళు ఆ పంతొమ్మిదేళ్ళలో అయినకాడికి అమ్ముకుని వెళ్ళిపోయారు. వాళ్ళెక్కడున్నారో కొలతమ్మకు తెలియదు. నష్టపరిహారం కోసం ఆవిడా టీచరమ్మా ఇంకో అర్జీ రాశారు. దానికి ఆ కుటుంబాల సంతకాలు కావాలి. మీ బంధువుల్లోనో, మీ ఆఫీసులోనో, మీ పక్క వాటాలోనో "మాది ఏటి ఒడ్డు ఇల్లు, మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు, ఎవరూ నమ్మలేదు" అనే మనిషి ఉంటే, దయచేసి ఈసారి నమ్మండి. వాళ్ళని ఆ అర్జీ దాకా తీసుకురండి.

మీది వేరే ఊరైనా సరే, మీ వీధి గోడ మీద ఇలాంటి గీత ఉంటే ఆఫీసుకు వెళ్ళి మూడు ప్రశ్నలడగండి. ఎవరు గీశారు? ఎక్కణ్ణుంచి కొలిచారు? అవతలి ఒడ్డున ఎందుకు గీయలేదు? కాగితం మీద అడగండి, ఒంటరిగా కాకుండా పదిమందిగా వెళ్ళండి. మీరే కనుక ఎక్కడో ఒక చిన్న ఉద్యోగంలో ఉండి, మీ దగ్గర అలాంటి నోటుబుక్కు ఒకటి ఉంటే, పంతొమ్మిదేళ్ళు ఆగకండి. రేపే ఎవరికైనా చూపించండి.